గురువారం ఏమీ జరగలేదు

11 ఆగస్టు 2007, శనివారం

రాసుకో ఆస్మా. చెప్పింది చెప్పినట్టు రాయి, మెరుగులు దిద్దకు. ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. పందొమ్మిదో తేదీ ఆదివారం నేతగాళ్ల సంఘం పెద్దలు కూర్చునేసరికి నా మాట నాకే తారుమారు కాకూడదు, అందుకు. నాకు అక్షరం రాదు. అక్షరం వచ్చినవాళ్లు ఎంత అబద్ధమైనా తేదీ వేసి చెబుతారు, లోకం నమ్ముతుంది. ఇకమీదట నేనూ తేదీ వేయిస్తాను.

నారాయణమ్మ అంటే నేను. పుట్టింది పెనుకొండ. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి యాభై రెండేళ్లు. ఇప్పుడు మా మగ్గం మీదున్న చీరకు అంచు నాది. పెనుకొండ కోట బురుజులు, బురుజుకొక చిలక. బండ మీద బొగ్గుతో గీసింది నేను. మాకు పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే మార్కండేయులు మగ్గానికి ఆ బొమ్మ చెప్పే చిల్లుల అట్టలు కొట్టించాడు. వరలక్ష్మీ వ్రతానికి ఆ చీరలు అంగడికెక్కాలి. అంతవరకు పరాయి కన్ను పడకూడదు. ఈ ఊళ్లో ఏ మగ్గానికైనా అదే కట్టుబాటు. కొత్త అంచు నేసేటప్పుడు నేసినంత మేరా దుప్పటి కప్పుతాం, చీర కోసిన రోజే తీస్తాం.

నిన్న, శుక్రవారం మధ్యాహ్నం, మార్కండేయులు కూతురి పెళ్లి పత్రిక ఇవ్వడానికి హిందూపురం పోయి, మరమగ్గాల ఉలిగప్ప షెడ్డులో కూర్చున్నాడట. సరిగ్గా మూడు గంటలకు ఉలిగప్ప ఫోను టింగుమంది. తెరిచి చూస్తే ఫోటో. ఫోటోలో మా బురుజులు, మా చిలకలు. పంపిన నంబరు మా అబ్బాయి జగదీష్ ఫోనుది.

ఈ పొద్దున్నే వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు మార్కండేయులు.

“ఏమక్కా, నీ కోడలు పుట్టింటికి బాగనే సారె పంపిస్తాండాదే!”

“మాట జారద్దప్పా.”

“జారేదేముండాది? నా కండ్లతో చూస్తి. గోడ గడియారం కూడా చూస్తి. మూడు గంటలు. ఆ పొద్దు ఫోను ఎవరి చేతిలో ఉండె? నువ్వు చెప్పు.”

ఏం చెప్పను? నిన్న నేనూ జగదీషూ తాడిమర్రిలో ఉన్నాం, మా చెల్లెలి మామ దినానికి. ఫోను ఇంట్లో వదిలి పోయాం. ఇంట్లో ఉన్నది కోడలు వీణ ఒక్కతే. వీణ పుట్టిల్లు హిందూపురం. ఇంకేం కావాలి ఊరికి!

మా ఫోను గుంజుకుని తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు మార్కండేయులు. సాక్ష్యమట. పందొమ్మిదికి పెద్దలు కూర్చుంటారు. తప్పు వీణదే అని తేలితే ఆమె ఈ ఇంటి గడప దిగాలి, లేదంటే మగ్గం మీది పడుగు దారాలు కోసి ఎత్తుకుపోతాడు. మాకు మళ్లీ ఎవరూ పట్టు ఇవ్వరు.

వీణ మార్కండేయులు నిలబడిన చోటు ఊడ్చి లోపలికి పోయింది. నేను కోడలిని నెత్తిన పెట్టుకునే అత్తను కాదు. వచ్చి నాలుగేళ్లయినా అంచు వైపు చేయి పెట్టనివ్వలేదు. కానీ అబద్ధం అబద్ధమే.

ఇంకొకటి రాసుకో. అంతకు ముందు రోజు, గురువారం, ఏమీ జరగలేదు. జగదీషూ వీణా రంగులద్దిన పట్టు తేవడానికి పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. కాఫీ తాగాను. మగ్గం తుడిచాను. ఏమీ జరగలేదు.

12 ఆగస్టు, ఆదివారం

అమావాస్య. నేత లేదు, మగ్గం పడుకుంది. జగదీష్ పెండ్లాంతో మాట్లాడటం లేదు. చారులో ఉప్పు లేదని కూడా చెప్పలేదు. నేను చెప్పాను.

13 ఆగస్టు, సోమవారం

ఆస్మా మా వెనక సందులో ఫోన్లకు రీచార్జి వేసే అంగడి పెట్టుకుంది. మధ్యాహ్నం గిరాకీ ఉండదు కాబట్టి నాకు రాసి పెడుతోంది. ఈమె అనంతపురంలో ఫోను కంపెనీ ఆఫీసుకు మాట్లాడింది. ఏ మెసేజీ ఎప్పుడు పోయిందో పోలీసులు అడిగితేనే చెబుతారట. మా ఫోన్లో చూద్దామంటే అది మార్కండేయులు పెట్టెలో ఉంది. ఉన్నా లాభం లేదు. మావాడు పాత ఫోను కొన్నప్పటి నుంచి దాంట్లో తేదీ పెట్టనే లేదు.

నాకు ఒకటి అర్థం కాలేదు, అడిగాను.

“అది కాదే, ఫోటో తీస్తే ఫోన్లోనే కదా ఉండేది? ఫోను గూట్లోనే కదా ఉండేది? మన చేతిలో ఉండే వస్తువు హిందూపురం ఎట్ల పోతాది?”

“పోయేది నకలు అవ్వా. అసలు ఈడనే ఉంటాది, అట్లాంటిదే ఇంకొకటి ఆడ తేలుతాది.”

“చీర అమ్మితే చీర పోతాది. ఇంట్లో ఉండదు.”

“చీర కాదు గదవ్వా ఇది. నువ్వు ఇప్పుడు నాకు ఒక మాట చెప్పినావు. నీ కాడ తక్కువైందా?”

తల తిరిగింది. ఎండకు.

పెనుకొండలో దీని తమ్ముడు ఇలియాస్ ఫోను టవర్ల మెకానిక్కు. రేపు పోదాం అంది. పోదాం పద అన్నాను. ఫోటో ఏ దారిన పోయిందో తెలుసుకోకుండా పెద్దల ముందు నిలబడితే నా మొహాన నవ్వుతారు.

14 ఆగస్టు, మంగళవారం

చాలా ఉంది. చేతికి విశ్రాంతి ఇచ్చుకుంటూ రాయి.

పొద్దున బస్సుకు పెనుకొండ పోయాం. కొండ మీద నా బురుజులు అలాగే ఉన్నాయి, నాకంటే గట్టిగా. ఇలియాస్ టవరు కింద జనరేటరుకు డీజిలు పోస్తున్నాడు. చేతులు తుడుచుకుని వచ్చాడు.

“సలామవ్వా. ఏం, పెండ్లి సంబంధమేమన్నా తెచ్చినావా?”

“నీకు పిల్లనిచ్చేవాళ్లు ఈ ఇనప కంబం ఎక్కి చూసి రావల్లప్పా. ముందు నాకు చెప్పు. ఫోటో ఫోన్లోంచి ఆకాశంలో ఉండే రాకెట్టుకు పోయి, ఆడ నుంచి కిందికి దూకుతాదా?”

పకపకా నవ్వాడు. అందరూ అట్లాగే అనుకుంటారట. రాకెట్టూ లేదు, ఆకాశమూ లేదు. ఫోను కేకేస్తే దగ్గర్లో ఉన్న టవరు వింటుంది, అంతే. కోట మీద నుంచి కేకేస్తే ఎంత దూరం వినబడుతుందో చూసుకో, టవరు చెవి కూడా అంతే, కొన్ని మైళ్లు. అందుకే ఊరికో టవరు, పట్నమైతే వీధికో టవరు. టవరు విన్నది దాని నెత్తిన ఉన్న గుండ్రటి తప్పెట లాంటి దాంట్లోంచి పక్క కొండ టవరుకు, అక్కడి నుంచి ఇంకో దానికి, కొంత దూరం నేలలో తీగ మీద, అలా పోయి పెద్దాఫీసు చేరుతుందట.

“మాటంటే కేకేస్తాది సరే. బొమ్మను ఎట్ల కేకేస్తాదప్పా?”

వాడు కొంచెం ఆలోచించాడు.

“జకార్డు అట్టలు చూసినావు గదవ్వా?”

“చూసేదేంది, కుట్టినా. వేలకు వేలు కుట్టినా.”

“అట్టలో చిల్లి ఉంటే?”

“దారం లేస్తాది.”

“లేకపోతే?”

“పండుకుంటాది.”

“ఫోన్లో ఉండేది కూడా ఆ రెండేనవ్వా. లేచేది, పండుకునేది. నీ చిలకకు రెక్క యాడుండాది, రంగు ఏంది, అంతా చిల్లి, చిల్లి లేదు, చిల్లి, చిల్లి లేదు అని రాసి పెట్టుకుంటాది. టవరుకు కేకేసేది ఆ వరసనే. అవతల ఫోను ఆ వరస చూసి మళ్లా చిలకను నేసుకుంటాది.”

నేను నడుం మీద చేతులు పెట్టుకుని ఆ టవరు వంక పైదాకా చూశాను. ఇంత ఇనుము ఎక్కించి వీళ్లు చేస్తున్నది మా మగ్గం నెత్తిన ఉండే జకార్డు చేసే పనే! మమ్మల్ని ఎవడైనా ఒక మాట అడిగాడా?

ఇంకా చెప్పాడు. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి పంపదట. దారి ఇరుకు, పోయేవాళ్లు ఎక్కువ. అందుకని ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్క మీదా ఎవరికి పోవాలో రాస్తుంది, ఇది ఎన్నో ముక్కో రాస్తుంది. ఒకరి ముక్కలూ ఇంకొకరి ముక్కలూ కలిసిపోయి ఒకే దారిన పోతున్నా, ఆ రాత చూసి ఎవరివి వాళ్లకు చేరుతాయి.

“దోవలో ఒక ముక్క పడిపోతే?”

“పదమూడోది రాలేదు, మళ్లా పంపు అని అడుగుతాదవ్వా.”

“మేలప్పా. మా అట్టల్లో పదమూడోది తప్పిపోతే అడిగే దిక్కు లేదు. చిలకకు తోక రాదు, మార్కండేయులు తిట్లు వస్తాయి.”

“ఇంకోటి కూడా ఉండాది. ఫోటో పెద్దదైతే దారి పట్టదు. పంపకముందే ఫోను దాన్ని కుదిస్తాది. దగ్గర దగ్గర ఉండే నాలుగైదు దారాలను ఒకటే దారం అనుకుంటాది. సన్నపనంతా పోతాది.”

ఇది విని నాకు కోపం వచ్చింది. దొంగిలించేవాడు సరిగ్గా దొంగిలించొద్దా?

చివర్లో అసలు మాట అడిగాను.

“అవతలోడి ఫోను ఆర్పేసి ఉంటే?”

“ఫోను వెలుగుతున్నంతసేపూ నేను ఫలానా టవరు కింద ఉండా అని చెప్పుకుంటానే ఉంటాదవ్వా. ఆర్పేస్తే ఆఫీసుకు వాడు కనబడడు. అప్పుడు ఫోటోను ఆఫీసులోనే కూర్చోబెడతారు. వాడు ఫోను వెలిగించిన గడియకు, ఇదో నీకొక ఫోటో వచ్చిండాది అని చెప్తారు.”

“ఎన్ని దినాలు కూర్చుంటాది?”

“రెండు మూడు దినాలు కూర్చుంటాదిలే.”

అంటే టింగుమన్న గడియ వేరు, పంపిన గడియ వేరు. మార్కండేయులు గోడ గడియారం చూశాడు గాని, పంపినవాళ్ల చేయి చూడలేదు!

కొండ కింద సోడా తాగాం. ఎగిరి గంతేయాలనిపించింది. మోకాళ్లు వద్దన్నాయి.

తిరిగి వస్తుంటే బస్సులో ఆస్మా అంది, “అవ్వా, శుక్రవారం పంపకపోతే గురువారం పంపిండల్ల. గురువారం ఇంట్లో ఎవరుండ్రి?”

కిటికీలోంచి గాలి. నాకు వినబడలేదు.

15 ఆగస్టు, బుధవారం

జెండా పండుగ. వీణ సంచి సర్దుకుంది. నేను విప్పించాను.

16 ఆగస్టు, గురువారం

హిందూపురం నుంచి ప్రతి గురువారం మార్కండేయులు చెప్పిన లెక్కకు ఇంటింటికీ జరీ దారం కండెలు తెచ్చే ఓబన్న ఈ వారం మా సందులోకి రాలేదు. మంచిదే.

ఎందుకు మంచిదే అని అడుగుతోంది ఆస్మా. రాయమన్నది రాయి.

17 ఆగస్టు, శుక్రవారం

రైలుకు హిందూపురం పోయాం. ఉలిగప్ప షెడ్డులో మరమగ్గాల చప్పుడుకు దేవుడు పిలిచినా వినబడదు. పెద్దవి నాలుగు మగ్గాలు, వాటి మీద నా బురుజులు. నా చిలకలు. మనిషి కాలు కింద పెట్టకుండా చీర దానంతటదే దిగుతోంది. చూడలేకపోయాను.

ఉలిగప్పకు సిగ్గు లేదు. కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు.

“ఏమవ్వా, ఇంత దూరం వచ్చినావు? మా చీర ఏమన్నా కొంటావా? దుడ్లు తక్కువనే.”

“నా చీర నాకే అమ్ముతావా? నీ మొహం మండ. పోయిన శుక్రవారం మూడు గంటలకు నీ ఫోను ఎట్ల ఉండె? అది చెప్పు.”

“ఎట్ల ఉంటాది? సచ్చి ఉండె. గురువారం పొద్దున్నే రొళ్లకు పోయింటి, మామిడి తోట బేరానికి. చార్జరు ఈడ మరచిపోతి. ఆ పొద్దు పది గంటలకే ఫోను ఆరిపోయ. మరుసటి దినం వచ్చి తగిలించి, వెలిగించి, తల ఎత్తి చూస్తే ఎదురుగా మీ మార్కండేయులు, చేతిలో పెండ్లి పత్రిక! టింగ్ అనె. వాడి మొహం చూడల్లవ్వా, నేను జన్మలో మరచిపోను.”

నేను ఆస్మా వంక చూశాను. ఆస్మా నా వంక చూసింది. వాడికి తెలియకుండానే మా కేసు గెలిపించాడు. ఈ మాట నీ నోటితో మా పెద్దలకు చెబుతావా అన్నాను. ఎవడడిగినా చెబుతానన్నాడు. అంచుకు కట్టుబాటు మగ్గం వాళ్లకు గాని కొనుక్కున్నవాడికి లేదట. వాడి బుద్ధికి అదే ఎక్కువ.

లేచి వస్తుంటే వెనక నుంచి, “అవ్వా, దుప్పటి బాగా పైకెత్తి, వెలుతురుకు పట్టుకొని తీయించిన ఫోటో అది. ఎవరో ప్రేమగా తీయించినారు,” అన్నాడు. ఇంకా ఏదేదో వాగాడు. మగ్గాల చప్పుడు. రాయాల్సిన పని లేదు.

18 ఆగస్టు, శనివారం

రేపు పెద్దలకు చూపించేదాన్ని, పక్కింటివాళ్ల ఫోను ఆర్పి, ఆస్మా ఫోను నుంచి పంపి, మళ్లీ వెలిగించి మూడుసార్లు చేసి చూశాం. మూడుసార్లూ టింగుమంది.

వీణకు చెప్పాను, “రేపు నిన్ను గెలిపించుకొని వస్తా, గమ్మునుండు” అని. అది నా మొహం చూసి, “వద్దులే అత్తా. నేను కొన్ని దినాలు మా అమ్మ కాడ ఉండొస్తా” అంది. దీనికి పౌరుషం లేదు. తప్పు చేయనిది ఎందుకు పోవాలి?

రాత్రి నిద్ర పట్టలేదు, దోమలు.

ఆ గురువారం పెద్దగా ఏమీ జరగలేదు.

19 ఆగస్టు, ఆదివారం

ఈ రోజుది మొత్తం రాయి. చేయి నొప్పి అంటే ఊరుకోను.

సంఘం గదిలో పెద్దలు ఐదుగురు. నడుమ నాగప్ప, ఎనభై ఏళ్లవాడు, మా అందరికీ పెద్ద. ఒక గోడకు మార్కండేయులు. ఇంకో గోడకు జగదీష్, వాడికి బారెడు దూరంలో వీణ. గుమ్మం నిండా జనం.

నేను మాటలతో మొదలు పెట్టలేదు. ముందు అందరికీ టీ చెప్పించాను.

“మార్కండేయులూ, నీ ఫోను ఆర్పు.”

“ఎందుకక్కా?”

“నాతో ఇన్నేండ్లు పని చేయించుకున్నావు, నేనొక్కసారి నీతో చేయించుకుంటా. ఆర్పప్పా.”

ఆర్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆస్మా తన ఫోన్లోంచి వాడికి ఒక మెసేజీ పంపింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాట తెలుగు, మాట నాది. పంపిన వెంటనే ఆ ఫోను తీసుకుపోయి నాగప్ప అరచేతిలో పెట్టాను.

“నాయనా, ఇది పట్టుకొని ఊరకే కూర్చో. ఏ బొత్తామూ ఒత్తద్దు.”

“నాకు ఒత్తడానికి కండ్లు కనపడితే గదమ్మా,” అన్నాడు.

టీ వచ్చింది. తాగారు. ఒకాయన రెండో గ్లాసు కూడా తాగాడు. అప్పుడు చెప్పాను, వెలిగించప్పా అని.

మార్కండేయులు ఫోను వెలిగింది. మోగలేదు. గదంతా చూస్తోంది. మోగలేదు.  ఇలియాసును మనసులో ఎన్ని తిట్టానో అవి రాయొద్దు. “గోడ మందం, సిగ్నలు రాలేదవ్వా,” అని గొణిగింది ఆస్మా. మార్కండేయుల్ని వాకిట్లోకి తోశాను. జనం వాడి చుట్టూ మూగారు.

టింగ్!

“చదువప్పా. గట్టిగా చదువు.”

చదివాడు. “ఏమప్పా మార్కండేయులూ, టీ ఇంకా రాలేదు, వస్తే తాగు.”

నవ్వులు.

“ఇప్పుడు చెప్పు. ఈ మాట నీకు ఇప్పుడు వచ్చె. నీ కండ్లతో చూస్తివి. పంపిన ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉండాది?”

అందరూ నాగప్ప వంక తిరిగారు. ఆయన ఆ ఫోనును తేలును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

“నేను కాదప్పో! నేనేం పంపల్యా!”

“నువ్వు కాదు నాయనా. మా వీణ కూడా కాదు. మోగినప్పుడు ఫోను ఎవరి దగ్గర ఉంటే వాళ్లే పంపినారు అంటే, ఈ పొద్దు దొంగ నువ్వే.”

ఉలిగప్ప చెప్పింది కూడా చెప్పాను. రొళ్ల, చార్జరు, ఆరిపోయిన ఫోను. ఒక పెద్దాయన అక్కడికక్కడే ఉలిగప్పకు ఫోను చేసి అడిగాడు. నిజమేనన్నాడు. నాగప్ప తల ఊపాడు. మూడు గంటల సాక్ష్యం చెల్లదు, వీణ మీద మాట పోయిందన్నాడు. జగదీష్ బారెడు దూరం జానెడు చేశాడు.

అక్కడితో లేచి రావలసింది. టీ గ్లాసులు కూడా లెక్క పెట్టుకుంటున్నారు. కానీ మార్కండేయులు తెలివితక్కువవాడు కాదు.

“సరేనక్కా. నీ మాటనే ఒప్పుకుంటా. ఉలిగప్ప ఫోను గురువారం పది గంటలకు ఆరిపోయ. శుక్రవారం మూడింటికి వెలిగె. ఆ నడుమ ఎవరో పంపినారు. శుక్రవారం వీణ కాదంటివి. మరి గురువారం మీ ఇంట్లో ఎవరుండ్రి?”

“పెద్దయ్యా, నేనే...” అని లేచింది వీణ.

దాన్ని చూశాను. గురువారం అది రంగుల దగ్గర ఉందని ఊరందరికీ తెలుసు. అది అబద్ధం చెప్పబోతోంది, నా కోసం, అదీ చేతకాకుండా.

“కూర్చోవే,” అన్నాను. “గురువారం ఇంట్లో ఉండింది నేను.”

చెప్పేశాను. జరీ కండెలు తెచ్చిన ఓబన్నకు కాఫీ ఇచ్చాను. మగ్గం మీద ఏముండాదక్కా అన్నాడు. ఏమీ లేదన్నాను. చూడాలని లేదులే అక్కా, నీ చేతి పని అంటే ఎట్లుంటాదో నాకు తెలుసు గదా, ఇంత పనితనం చేసి దుప్పటి కింద పెడితే నీ పేరు ఎవరికి తెలుస్తాది అన్నాడు. యాభై రెండేళ్లలో నేను గీసిన అంచులన్నీ మార్కండేయులు ఇంటి చీరలనే పేరుతోనే పోయాయి. నాకు పేరుందని అన్నవాడు వాడొక్కడే. దుప్పటి నేనే తీశాను. వెలుతురు చాలకపోతే కిటికీ తెరిచాను. నీకు ఒక గుర్తుగా ఉంటాది అని గూట్లో ఉన్న మా ఫోనుతోనే ఫోటో తీశాడు. ఏవో బొత్తాలు ఒత్తాడు. ఫోను గూట్లో పెట్టి పోయాడు. ఫోను ఇంట్లోనే ఉంది కదా, ఫోటో ఫోన్లోనే ఉంది కదా, బయటికి ఏం పోయింది అనుకున్నాను. శుక్రవారం దాకా నిజంగానే అనుకున్నాను. శనివారం నుంచి అనుకోవాలని అనుకున్నాను.



నాగప్ప గొంతు సవరించుకున్నాడు. “దుప్పటి తీసినోళ్లు ఒక పడుగు అయిపోయే దాకా మగ్గం ముట్టగూడదు. కట్టుబాటు. నీకు చెప్పే పని లేదమ్మా, నారాయణమ్మా.”

“రాయండి,” అన్నాను.

మార్కండేయులు తల వంచుకుని అన్నాడు, “పడుగు కోయనులే అక్కా. ఓబన్నను మాత్రం ఏ సందులోకీ రానీయను. నేసేది ఎవరు, జగదీషొక్కడేనా? అంచు వాడికి రాదు గదా?”

“దీనికి వస్తాది,” అన్నాను, వీణను చూపించి. “నాలుగేండ్లుగా నేను చూడలేదనుకొని చూస్తాండాది.”

దారిలో ఆస్మా నా పక్కన నడుస్తూ, “అవ్వా, ఆ గురువారం పంపిన మాట నీకు ఈ పొద్దు చేరె. ఇన్ని దినాలు నీ ఫోను ఆర్పేసి ఉండె,” అంది. నోటికి తాళం లేదు దీనికి. సరే, అది కూడా రాసుకో.

ముందు పేజీల్లో గురువారం సంగతి కొట్టేయమంటావా అని అడుగుతోంది. వద్దు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను కదా. ఉండనీ.

20 ఆగస్టు, సోమవారం

మగ్గం గుంత గట్టున కూర్చున్నాను. చేతులు ఏం చేయాలో తెలియక వేరుశనగ కాయలు ఒలిచాను. వీణ పేకను గట్టిగా కొడుతోంది. చెప్పాను. మళ్లీ కొట్టింది. మళ్లీ చెప్పాను.

22 ఆగస్టు, బుధవారం

గట్టిగా కొట్టడం లేదు.

24 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. నిన్న సాయంత్రం అంగడి వీధికి పోయాం, నేనూ ఆస్మా. ఉలిగప్ప మరమగ్గం చీరలు దిగాయి. దండెం మీద వరసగా నా బురుజులు.  దగ్గరికి పోయి అంచు చేతిలోకి తీసుకున్నాను. ఒక చిలక చూశాను. ఇంకోటి చూశాను. చీరంతా తిప్పి చూశాను. అంగడివాడు “ఏమవ్వా, కొంటావా, కొలుస్తాండావా?” అన్నాడు.

ఒక్క చిలకకూ ముక్కు లేదు.

ఫోను కుదించిందే, అప్పుడు పోయాయి ముక్కులు! నాలుగు దారాల ముక్కు అది, సన్నపని. ఉలిగప్ప మనుషులు ఫోటో చూసి అట్టలు కొట్టారు. ఫోటోలో లేని ముక్కు అట్టలో ఎట్లా వస్తుంది? బురుజు మీద ఒక్కొక్కటీ బోడిపావురం లాగా కూర్చుని ఉంది. నడివీధిలో నేను నవ్విన నవ్వుకు కుక్క లేచి పోయింది. ఆస్మా ఇలియాసుకు అక్కడి నుంచే ఫోను చేసి చెప్పింది. వాడికి టవరు మీద ఉండగా నవ్వొచ్చిందట, దిగి నవ్వాడట.

ఈ పొద్దుటికి ఊరంతా పాకింది. ఆడవాళ్లు అంగళ్లలో చీర తీసి, “ముక్కుండే చిలక చూపించప్పా” అని అడుగుతున్నారు. ముక్కున్నవి మార్కండేయులు దగ్గరే. మార్కండేయులు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు. నేను తలుపు దగ్గరే తీసుకుని, లోపలికి రావద్దు, కొత్త అంచు ఉంది, దుప్పటి తీసి ఉంది అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

సాయంత్రం వాయనాలు అయ్యాక వీణ తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతుంటే పోయి పక్కన కూర్చున్నాను.

“నీకు ముందే తెలుసునా?” అన్నాను.

“ఏంది అత్తా?”

“ఏందో నీకు తెలుసు.”

అది తల ఎత్తలేదు. బూడిదతో గ్లాసు తోముతూనే ఉంది.

“ఆ గురువారం నేను వచ్చేపాటికి ఈడ రెండు కాఫీ గ్లాసులు ఉండె అత్తా. కడిగి పెట్టినా.”